మెడల పనివాడు

నినెవే రాజప్రాసాదంలో ఉబారు తలలు నరికే పని చేసేవాడు, రాతి మీద. ఉలి అంచున ఉమ్మేసి, శత్రుదేశమైన ఏలాము సైనికుడి మెడకు ఆనించి, సుత్తితో నెమ్మదిగా కొట్టేవాడు. తల వేరయ్యాక రాలిన పొడిని ముద్దుగా ఊదేసి, ఆ శవాల మీదే బార్లీ రొట్టె, ఉల్లిపాయ పెట్టుకుని తినేవాడు. కళ్ళు పీకడం, చర్మం ఒలవడం మిగతా శిల్పులకు వదిలేసేవాడు గానీ మెడలు మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. మన రాజుగారి యుద్ధాల్లో మన సైనికుడు ఒక్కడూ చావడని లోకానికంతా తెలుసు. ఏ గోడ మీదైనా చూసుకోవచ్చు. ఉబారు కొడుకు ఇద్దిన్ మాత్రం ఈ నియమాన్ని పాటించకుండా, ఏలాము నది ఒడ్డున గుండెల్లో ఈటె దిగి చచ్చిపోయాడు.

ఆ నదిని చెక్కే వంతు వచ్చినప్పుడు ఉబారు రెల్లుపొదల్లో ఒక శవాన్ని పడుకోబెట్టాడు. దాని తలకు మొనదేలిన మన శిరస్త్రాణం ఉంది. పని పెత్తందారు బేల్‌దాన్ అది చూసి కొయ్యబారిపోయాడు.

"ఒరే ముసలాడా, చచ్చినవాడు మనవాడేంట్రా?"

"పడుకున్నాడు దొరా."

"గుండెల్లో ఈటె పెట్టుకునా? రేపు రాజుగారొస్తున్నారు. వీడు ఏలామువాడన్నా కావాలి, మనిద్దరి తలలన్నా ఎగరాలి. నా తలతో నాకింకా పనుంది."

ఉబారు శిరస్త్రాణాన్ని చెక్కేసి, ఏలామువాళ్ళ తలకట్టు కట్టాడు. బేల్‌దాన్ వెనక్కి జరిగి చూశాడు.

"బాగుంది. మరి ఏలామువాడి తల ఇంకా మెడ మీదే ఉందేం?"

ఉబారు ఉలి దించాడు. బేల్‌దాన్ గొంతు తగ్గించాడు. "పోనీ, ఇంకొకణ్ణి పిలవనా?"

"మెడలు నావి దొరా," అంటూ ఉబారు ఉలి అంచున ఉమ్మేశాడు.

నరకడం అయ్యాక, పొడిని మాత్రం ఊదలేదు.