మావయ్యగారు ఎత్తిన క్లచ్

ఆకివీడులో మా అత్తవారింటి నుంచి తాడేపల్లిగూడెంలో చుట్టాలింటి తాంబూలాలకి బయల్దేరాం. స్టీరింగు దగ్గర నేను, పక్కన ఇస్త్రీ పంచెలో మావయ్యగారు, వెనక సీట్లో మా ఆవిడ. మోకాళ్ళ నొప్పులని అత్తయ్యగారు ఇంట్లోనే ఉండిపోయారు. వారం రోజులుగా క్లచ్ పెడల్ మెత్తబడుతూ వస్తోంది. కారు నా కాలికి అలవాటు పడుతోందని మురిసిపోయాను.

ఊరు దాటాక ఒక చేపల లారీ వెనక ఆపబోతూ క్లచ్ తొక్కాను. కిందికి వెళ్ళిన పెడల్ మళ్ళీ పైకి రాలేదు. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. చూస్తే కాళ్ళ కింద మ్యాట్ తడిసి ఉంది. మావయ్యగారు వేలితో అద్ది వాసన చూశారు. జీవితమంతా ట్రాక్టర్లతో వ్యవసాయం చేసిన మనిషి.

"బ్రేక్ ఆయిల్ బాబూ. క్లచ్‌కీ అదే పోస్తారు. పెడల్ పైనున్న సిలిండర్లో రబ్బరు పోయింది. గూడెంలో తెలిసిన మెకానిక్ ఉన్నాడు, పోనివ్వండి."

"పెడల్ లేవట్లేదు కదండీ?"

"నేను లేపుతానుగా!"

దగ్గర్లో కొట్లో ఆయిల్ డబ్బా కొని పోశాం. అక్కణ్ణుంచి గేరు మార్చాల్సినప్పుడల్లా ఆయన వంగి, నా మోకాళ్ళ దగ్గర తల పెట్టి, పెడల్ పైకి లాగేవారు. నేను తొక్కేవాణ్ణి. రెండు మూడుసార్లు అలా చేస్తేగానీ గేరు పడేది కాదు. పిల్లనిచ్చిన మావగారిని పట్టుకుని "ఎత్తు" అని ఎలా అంటాను? "మావయ్యగారూ, కాస్త ఎత్తుతారాండీ" అనేలోపు బండి ఆగిపోయేది. నాలుగుసార్లు ఆగాక మా ఆవిడ ఆ పని అందుకుంది.

"నాన్నా, ఎత్తు! ఏవండీ, తొక్కండి!"

గణపవరం సెంటర్లో ట్రాఫిక్. మావయ్యగారికి తమ్ముడి వరసాయన ఒకరు మమ్మల్ని చూసి, కిటికీలోంచి తొంగిచూశారు.

"అదేంటన్నయ్యా, అల్లుడుగారి కాళ్ళు పట్టుకున్నావు?"

"తప్పదురా! పట్టుకోకపోతే కదలట్లేదు!" అన్నారు మావయ్యగారు, తలెత్తకుండానే.

వివరం చెబుదామని ఆగితే బండి మళ్ళీ ఆగిపోతుంది. చెయ్యి ఊపి వచ్చేశాను.

గూడెంలో మెకానిక్ సిలిండర్లో రబ్బర్లు మార్చాడు. లోపలి గాలి తియ్యాలంటూ కారు కింద దూరి, "నొక్కండి, పట్టుకోండి, వదలండి" అని నా చేత ముప్పావుగంట తొక్కించాడు. చివరికి పెడల్ గట్టిపడి నా పాదాన్ని వెనక్కి తన్నింది. అంత హాయి నాకు డిగ్రీ పాసైనప్పుడు కూడా కలగలేదు. మావయ్యగారు మాత్రం మరకల పంచెతోనే తాంబూలాలు అందుకున్నారు.

భోజనాల దగ్గర నా ఫోన్ మోగింది. అత్తయ్యగారు.

"బాబూ, ఆయనవల్ల ఏదైనా పొరపాటు జరిగిందాండీ? గణపవరంలో నడిరోడ్డు మీద మీ కాళ్ళు పట్టుకున్నారటగా!"

మ్యాట్ తడి దగ్గర్నుంచి మొదలుపెట్టి ఆయిలు, రబ్బరు, గాలి అన్నీ విడమరిచి చెప్పాను. ఆవిడ అంతా విన్నారు.

"సరే బాబూ, అదంతా నాకు తెలీదు. పెద్దాయన. మనసులో పెట్టుకోకండి."

పెట్టుకోనని మాటిచ్చాను.