రాత్రంతా తెరిచి ఉంచిన కొళాయి

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీకందరికీ వందనాలు! సాక్ష్యం రాయమని పాస్టరమ్మగారు అడిగినప్పుడు, అమ్మా, నాకు పెద్ద జబ్బు రాలేదు, నేను తాగుబోతును కాను, నన్ను పాము కూడా కరవలేదు, ఏం రాయను అని తప్పించుకోబోయాను. నిద్రే కరువైన వాడికి తిరిగి నిద్ర ఇచ్చిన దేవుడు నీకు చిన్న దేవుడయ్యాడా బ్రదర్ అని ఆమె నవ్వారు. అందుకని రాస్తున్నాను. ఇందులో సగం ఒక కొళాయి గురించే ఉంటుంది, ఓపిక పట్టండి.

వైటూకే పనుల కోసం హైదరాబాదు నుంచి కాన్‌బెర్రాకు వచ్చిన వాళ్లలో నేనొకణ్ణి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తెలియక తికమకపడతాయని లోకమంతా భయపడిన రోజులవి. నా ఉద్యోగమంతా ఒక్కటే ప్రశ్న, ఇది చెడిపోతే ఏమవుతుంది? పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ ప్రశ్నే అడిగాను, దానికే జీతం తీసుకున్నాను, చివరికి జనవరి ఒకటో తేదీ వచ్చింది, దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, ఆఫీసులో కేకు కోశారు, ఏమీ చెడిపోలేదు కాబట్టి మాతో ఇక అవసరం లేదన్నారు! కంప్యూటర్లన్నీ క్షేమంగా రెండువేలలోకి దాటిపోయాయి సహోదరులారా, నేనొక్కణ్ణే తొంభైతొమ్మిదిలో ఇరుక్కుపోయాను.

ఉద్యోగం పోయింది గానీ ఆ ప్రశ్న పోలేదు. స్టవ్ ఆపానా, తలుపు వేశానా, కారుకు తాళం వేశానా అని లేచి చూడటం, పడుకోవడం, మళ్లీ లేవడం. గుండె దడదడమని కొట్టుకునేది, అరచేతులు చెమటలు పట్టేవి. డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, గుండె బాగుంది, ఇది ఆందోళన, రోజూ నడువు, ఎవరితోనైనా మనసు విప్పి మాట్లాడు అన్నారు. ఇంకెవరైనా సంతోషించేవారు. నేను ఇంటికొచ్చి ఆ పరీక్షలు సరిగ్గా చేశారో లేదో అని దిగులుపడ్డాను!

నా భార్య పేరు శాంత. ఇంట్లో శాంత ఉంది, శాంతి లేదు అని నామీద నేనే జోకు వేసుకునేవాణ్ణి, ఆమె నవ్వేది కాదు. అప్పుడు ఆమె కడుపుతో ఉంది, పగలంతా వాంతులు, ఇక రాత్రి ఓ కునుకు తీద్దామంటే పక్కన నేను లేస్తూ పడుకుంటూ ఉండేవాణ్ణి. అద్దె ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు మన సంఘ పెద్ద కెవిన్ అంకుల్ ఈ ఊళ్లోనే గంగాలిన్‌లో తన పెరట్లో ఉన్న పాత క్యారవాన్‌లో ఉండమన్నారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. క్యారవాన్ అంటే కారు వెనక తగిలించుకుని ఊరూరా తిరగడానికి ఇక్కడి వాళ్లు కొనుక్కునే చక్రాల ఇల్లు. లోపల మంచం, పొయ్యి, చిన్న సింకు, అడుగున నీళ్ల ట్యాంకు. నాకు ధైర్యం చెప్పడానికి ఆయన, "షీల్ బి రైట్, మేట్" అని భుజం తట్టారు. షీ అంటే శాంతే, ఆమె కులాసాగా ఉంటుందని అంటున్నారనుకుని థాంక్యూ అంకుల్ అన్నాను. అంతా సర్దుకుంటుంది అనడానికి ఇక్కడి వాళ్లు అలా అంటారని తర్వాత తెలిసింది.

చలికాలం వచ్చింది. కాన్‌బెర్రా మంచు మీకు తెలుసు కదా, తెల్లారేసరికి గడ్డి ఉప్పు చల్లినట్టు ఉంటుంది. పైపుల్లో నీళ్లుంటే గడ్డకట్టి, ఉబ్బి, పైపుల్ని చీల్చేస్తాయి. అందుకే పొద్దుగూకే వేళకు క్యారవాన్ అడుగున ఉన్న బిరడాలు తీసి నీళ్లన్నీ వదిలేయాలి. ఆ బిరడాలు తిప్పాలంటే తడి గడ్డి మీద వెల్లకిలా పడుకుని, బండి కిందికి దూరి, మొద్దుబారిన వేళ్లతో తడుముకోవాలి. నాకు అంతకన్నా ఏం కావాలి, చెడిపోయే వస్తువు ఒకటి దొరికింది! బిరడాలు పీకేసి, వాటి చోట పిడి తిప్పితే తెరుచుకునే కొళాయిలు పెట్టాను, పైపు పొడిగించి నిలబడే తిప్పేటట్టు బండి పక్కకు తెచ్చాను. ఆ సాయంత్రం పిడి తిప్పితే నీళ్లు ధారగా పడ్డాయి. చాలాకాలానికి నా మనసు తేలికపడింది.

తెల్లారి చూస్తే కొళాయి పగిలి ఉంది.

కొత్తది పెట్టాను. అదీ పగిలింది. ఇంకా మందం కొళాయి తెచ్చాను, దానికి తోడుగా ఇంకొకటి, ఆ తోడుకొక తోడు పెట్టాను, ఎందుకంటే మా పనిలో ఒకటి చెడిపోతే ఇంకొకటి ఉండాలని నేర్పారు. ఎన్ని పెడితే అన్నిచోట్ల కారింది. శాంత తలుపు దగ్గర నిలబడి చూసి, "ఏందయ్యా, ఇది క్యారవానా, కొళాయిల కొట్టా? ఇంక బోర్డొకటి రాసి పెట్టుకో" అంది. నేను నవ్వలేదు, అది చూసి ఆమె నవ్వూ ఆగిపోయింది. నెమ్మదిగా, "మా అన్నయ్యకి ఫోన్ చేశా. శనివారం వస్తన్నాడు. కాన్పయ్యేదాకా టూవూంబాలో వాళ్లింట్లో ఉంటా. నువ్వు నన్ను బాధపెట్టావని కాదయ్యా. నీ పక్కన ఉంటే నా గుండె కూడా నీ గుండెలాగే కొట్టుకుంటా ఉంది, లోపల బిడ్డకి ఆ చప్పుడే వినపడుద్దేమోనని భయంగా ఉంది" అంది.

సహోదరులారా, పైపు పగిలితే ఏమవుతుందో రాత్రింబగళ్లు ఆలోచించినవాణ్ణి, నా బిడ్డ పుట్టేటప్పుడు నేను పక్కన లేకపోతే ఏమవుతుందో ఆలోచించలేదు! ఇక ప్రార్థన చేశాను. ప్రభువా, ఈ కొళాయి పగలకుండా కాపాడు, శాంతను ఆపు, బావ కారు ఆలస్యం చెయ్యి, ఆమెన్. ఆమెన్ అన్న మరుక్షణం లేచి కొళాయి చూడటానికి వెళ్లాను. అప్పట్లో నా ప్రార్థనలన్నీ అలాంటివే, దేవునికి పని అప్పజెప్పి, వెనకే నిలబడి తనిఖీ చేసేవాణ్ణి.

శుక్రవారం సాయంత్రం శాంత బట్టలు సర్దుకుంటూ కిటికీలోంచి చూస్తోంది. నేను పిడి తిప్పాను, నీళ్లు పడ్డాయి, ధార సన్నబడి చుక్కలయింది, పిడి మళ్లీ తిప్పి గట్టిగా బిగించాను.

"అదేంది, మళ్లా కట్టేశావు?" అంది కిటికీ తీసి.

"నీళ్లయిపోయాయి కదా, కట్టొద్దా?"

"ఎందుకు కట్టాలయ్యా? లోపల సింకు కొళాయి కూడా కట్టేసే ఉంది. గాలి పోకపోతే నీళ్లెట్టా దిగుతాయి, మా ఆస్పత్రిలో సెలైన్ సీసాకి కూడా గాలి పోయే దారి ఉండాలి. నువ్వు కట్టింతర్వాత పైన ఉన్నవన్నీ మెల్లిగా దిగి అక్కడే చేరతన్నాయి. గడ్డకట్టక ఏం చేస్తాయి?"

పెళ్లికి ముందు ఆమె ఒంగోలులో నర్సు. నేనేమో చేతిలో పిడి పట్టుకుని అలాగే నిలబడిపోయాను, ఎందుకంటే ఆ చెయ్యి ఎవరు చెబితే తిరిగిందో నాకు అప్పుడు తెలిసింది. మాది కనిగిరి. వీధి కొళాయిలో నీళ్లు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియని ఊరు. కొళాయి కట్టకుండా వచ్చిన పిల్లవాడికి మా అమ్మ అన్నం పెట్టేది కాదు, ఆదివారం బడిలో పాపాల గురించి చెబుతుంటే అందులో మొదటిది కొళాయి తెరిచి వదిలెయ్యడమేనని నేను నమ్మేవాణ్ణి! ఈ దేశంలో ఎవడైనా క్యారవాన్ కొళాయి తెరిచి వదిలి హాయిగా పడుకుంటాడు. కనిగిరి వాడు కట్టి పడుకుంటాడు.

"తెరువు" అంది శాంత. "తెల్లారేదాకా ఉండనీ. పోయేదేదో పోనీ."

తెరిచాను. లోపలికొచ్చి సింకు కొళాయి, స్నానం కొళాయి కూడా తెరిచాను. అడుగున గుడగుడమని పైపులు గొంతు సవరించుకున్నాయి, నేను అయిపోయాయనుకున్న నీళ్లు ఇంకా ఇంకా వచ్చాయి, ఎన్ని దాచుకుందో ఆ బండి! ఆ చప్పుడు వింటూ అక్కడే మంచం పక్కన మోకరించాను. ప్రభువా, నాకు భయంగా ఉంది అన్నాను. ఉద్యోగం రాదేమోనని భయం, బిడ్డను సాకలేనేమోనని భయం, నాకు పిచ్చి పట్టిందేమోనని భయం, శాంత వెళ్లిపోతే తిరిగి రాదేమోనని భయం. ఇన్నాళ్లూ ఒక్కటి చెప్పి కట్టేసేవాణ్ణి, ఆ సాయంత్రం కట్టలేదు, చుక్క చుక్కా పడేదాకా చెప్పాను, కన్నీళ్లు కారాయి, వాటినీ కట్టలేదు. డాక్టరు ఎవరితోనైనా మాట్లాడమన్నారు కదా, నేను దేవునితో మాట్లాడుతుంటే శాంత కూడా వింటోందని తర్వాత గమనించాను. ఆమె చెయ్యి నా తల మీద ఉంది. ఆమెన్ ఎవరు అన్నారో గుర్తులేదు. నిద్రపోయాను సహోదరులారా, దేవునికే మహిమ!

తెల్లారి గడ్డి తెల్లగా ఉంది. తెరిచి ఉన్న కొళాయి మూతి నుంచి చిటికెన వేలంత మంచు ముల్లు వేలాడుతోంది. దాన్ని విరిచేసి, కొళాయి కట్టి, ట్యాంకు నింపి, పంపు వేశాను. ఎక్కడా చుక్క కారలేదు. శాంత టీ పెట్టింది. అంతలో ప్రభుదాసు బావ రాత్రంతా కారు నడుపుకుంటూ వచ్చి దిగాడు, ఎర్రబడిన కళ్లతో, "ఏంది బావా, బ్యాగులేవి?" అన్నాడు. నేను శాంత వైపు చూశాను. అడగాలని నోటిదాకా వచ్చింది, ఉంటావా వెళ్తావా, వెళ్తే ఏమవుతుంది అని. అడగలేదు. ఆమె అన్నకు టీ అందించి, "రాత్రి ఈయన నిద్రపోయాడు అన్నయ్యా. ఇంకో వారం చూస్తా" అంది.

ఆ వారం ఇంకా అయిపోలేదు! మా పాప కాన్‌బెర్రాలోనే పుట్టింది, కాన్పు గది బయట నేను నడిచిన నడకకు డాక్టరుగారు సంతోషించే ఉంటారు, కానీ ఉన్నాను, అక్కడే ఉన్నాను. నా జబ్బు ఒక్క రాత్రిలో మాయమైందని చెప్పి దేవుని పేరిట అబద్ధం ఆడను. చిన్న కాంట్రాక్టు ఒకటి దొరికింది, అది ఎప్పుడు అయిపోతుందోనని గుండె ఇప్పటికీ అప్పుడప్పుడు తలుపు తడుతుంది. అప్పుడు మోకరించి మొత్తం చెబుతాను. డాక్టరు దగ్గరికీ వెళుతున్నాను, అదీ దేవుడు తెరిచిన దారే.

ఇది చదువుతున్న సహోదరుడా, సహోదరీ, నీ లోపల ఏది గడ్డకడుతోందో నాకు తెలియదు. ఆయన దగ్గర తెరువు, సగం చెప్పి కట్టెయ్యకు, ఆయన వింటూ తొందరపెట్టే దేవుడు కాదు. మళ్లీ చలికాలం వచ్చింది, మేమింకా ఆ క్యారవాన్‌లోనే ఉన్నాం. పొద్దుగూకగానే పిడి తిప్పుతాను, నీళ్లు పోతాయి, నా చెయ్యి కనిగిరి చెయ్యి కదా, కట్టడానికి దానంతటదే లేస్తుంది. కిటికీలో శాంత, ఆమె చంకలో పాప. ఇద్దరూ నన్నే చూస్తుంటారు. ప్రభువా నీకు స్తోత్రం అని ఆ చెయ్యి జేబులో పెట్టుకుని లోపలికి వెళతాను.