జనవరి ఒకటిన పుట్టిన అక్కాతమ్ముళ్లు

క్లాండాల్కిన్‌లో మా ఇంటి పై రెండు గదులు ఖాళీ అయినప్పుడు ఒక థాయ్ మహిళ, ఆమె తమ్ముడు చూడటానికి వచ్చారు. ఇద్దరూ హోటల్లో వంట చేస్తారు. ఉంటున్న ఇంటి లీజు శుక్రవారంతో అయిపోతుంది. ఈ గదులు దొరక్కపోతే సామాను పెట్టుకోవడానికి కూడా చోటు లేదని ఆమె దాచకుండా చెప్పింది. పాస్‌పోర్టు కాపీలు తీసుకుని, రేపు చెబుతానన్నాను.

అంకెలు చూడకుండా కాగితం కింద పెట్టడం నాకు చేతకాదు. కాలేజీ గడప తొక్కినవాణ్ణి కాదు, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. అక్క పుట్టింది జనవరి ఒకటి. తమ్ముడిదీ జనవరి ఒకటే, మూడేళ్ల తర్వాత. ఇద్దరూ ఆ రోజే పుట్టే అవకాశం లక్షా ముప్పై మూడు వేలలో ఒకటి. దొంగ కాగితాలేనని తేల్చుకుని, ఫోన్ చేసి అడిగాను.

“మాది బర్మా సరిహద్దు కొండల్లో ఊరు,” అంది ఆమె. “పుట్టుకలు ఎవరూ రాసేవాళ్లు కాదు. జిల్లా ఆఫీసువాళ్లు కొండెక్కి వచ్చి, వయసు అడిగి, సంవత్సరం లెక్కగట్టారు. రోజు తెలియదు కదా, అందరికీ జనవరి ఒకటి వేశారు. మా ఊళ్లో సగంమంది ఒకే రోజు పుట్టారు.”

థాయ్ పౌరసత్వం వచ్చేదాకా వాళ్ల చేతిలో ఉన్నది ఒక రంగు గుర్తింపు కార్డేనట. అనుమతి లేకుండా జిల్లా దాటకూడదట.

“కథ బాగానే అల్లింది,” అన్నాను మా ఆవిడతో, విన్నదంతా చెప్పి.

ఆమె వంటింటి ప్రెస్ అరల్లో గిన్నెలు సర్దుతూ ఇటు తిరక్కుండానే అడిగింది. “మీ పాస్‌పోర్టులో ఏ తారీఖుందండీ?”

“జూలై ఒకటి.”

“మీ తమ్ముడిది?”

“జూలై ఒకటి.”

“అత్తయ్యగారు క్యాలెండర్ చూసుకుని కన్నారు కాబోలు!”

ఒకటో తరగతిలో చేర్చుకునేటప్పుడు మా హెడ్మాస్టరు వేసిన తేదీలవి. నేను పుట్టింది అక్టోబరులో, చిత్త కార్తెలో, వాన విడవని వారంలో అని అమ్మ చెప్పేది. లెక్క మళ్లీ వేశాను. మా అన్నదమ్ములకూ అదే అంకె వచ్చింది. ఆ అక్కాతమ్ముళ్లను రమ్మన్నాను.

శుక్రవారం సాయంత్రం రెండు సూట్‌కేసులు, ఒక రాతి రోలుతో దిగారు. తాళంచెవులు ఇచ్చేముందు అసలు పాస్‌పోర్టులు అడిగి, కిటికీ వెలుతురుకి ఎత్తి చూశాను.

“మా జిల్లా చెక్‌పోస్టులోనూ ఇలాగే ఎత్తి చూసేవాళ్లు,” అంది ఆమె. కోపంగా కాదు. “చూడండి, ఇట్స్ గ్రాండ్. ఏం ఫరవాలేదు.”

పాస్‌పోర్టులు మూసి, తాళంచెవులతో పాటు ఇచ్చేశాను. గడువు తేదీలు మాత్రం అప్పటికే చదివేశాను.