దస్తీ వేసిన సీటు

చెన్నూరు కైలాసానికి ఒకటే జబ్బు. ఖాళీ సీటు కనబడితే దస్తీ, అంటే చేతిరుమాలు, వేస్తాడు. బస్సు స్టాండులోకి తిరుగుతుండగానే కిటికీలోంచి దస్తీ లోపల పడాల్సిందే. అంతవరకు అందరూ చేసేదే. కైలాసం అక్కడితో ఆగడు. పెళ్లి భోజనాల దగ్గర దస్తీ, డాక్టరు గది బయట దస్తీ. పరామర్శకు పోయిన ఇంట్లో కూడా వేశాడని గిట్టనివాళ్లు అంటారు. పద్దెనిమిదేళ్లుగా మస్కట్‌లో మేస్త్రీ పని చేస్తున్నా ఈ జబ్బు కుదరలేదు. జేబులో ఎప్పుడూ నాలుగు దస్తీలుంటాయి. చెమట తుడుచుకోవడానికి మాత్రం చొక్కా చెయ్యే.

అలాంటి మనిషి వెంట వనజ మొదటిసారి విమానమెక్కింది. మస్కట్‌లో ఒక ఆసుపత్రి వంటశాలలో ఆమెకు కొలువు దొరికింది. మర్నాడు పొద్దున చేరకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని ముందే చెప్పారు. కైలాసం సెలవు కూడా ఆ రోజుతోనే సరి. దారిలో దుబాయిలో దిగి ఇంకో విమానం పట్టుకోవాలి.

"పిల్లకు ఏం తెల్వది. జర చూసుకో తమ్మీ" అంది వనజ తల్లి సత్తమ్మ.

"ఫికర్ చెయ్యకక్కా, సీటు నేను పడ్త."

"టికెట్ మీదనే సీటు నంబర్ ఉంటది మామా!" అంది వనజ.

"నంబర్ ఉంటే ఏంది? దస్తీ ఉండాలె."

దుబాయిలో తనిఖీ దగ్గర వనజ సంచిని పక్కకు లాగారు. లోపల మామిడికాయ తొక్కు సీసా ఉంది.

"అది అయిపోంగనే రా బిడ్డా. నేను ఉరికి సీట్లు పడ్త" అని, గేటు నంబరు ఆమె చేతిమీద పెన్నుతో రాసి, కైలాసం మాయమయ్యాడు.

వనజకు ఒళ్లు మండింది. కుర్చీ కోసం మనిషిని వదిలేసి పోయే మామ ఎక్కడైనా ఉంటాడా? తొక్కు సీసా పోయింది, మామా పోయాడు. బోర్డులు చూస్తూ నడిచింది, మెట్లు దిగింది, విమానాశ్రయం లోపలే తిరిగే రైలు ఎదురుగా వస్తే ఎక్కింది. అది తప్పు రైలు. నేల తుడిచే ఒకాయన ఆమె చెయ్యి చూసి వెనక్కి పొమ్మని సైగ చేశాడు. మైకులో మస్కట్ పేరు వినబడుతూనే ఉంది. కొలువు పోయినట్టేననుకుంది. అయినా ఉరికింది.

గేటు దగ్గర పిట్ట లేదు. అందరూ విమానమెక్కేశారు. వంద ఖాళీ కుర్చీల మధ్య రెండింటి మీద మాత్రం దస్తీలు పరిచి ఉన్నాయి. మూడో దస్తీ గేటు బల్ల మీద ఉంది. కైలాసం బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడ్డట్టు ఒక కాలు గేటు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడ్డాడు.

"ఆప్ జాయియే! గేట్ బంద్ కర్నా హై!" అంటోంది బల్ల దగ్గరి అమ్మాయి, గేటు మూసెయ్యాలి వెళ్లమని తొందరపెడుతూ.

"బచ్చీ ఆరీ జీ. ఉసీ కే వాస్తే దస్తీ డాలా" అంటున్నాడు కైలాసం, పిల్ల వస్తోందని, దస్తీ వేసింది ఆమె కోసమేనని. నాలుగో దస్తీతో ముఖం తుడుచుకుంటున్నాడు. ఆయన దస్తీతో చెమట తుడుచుకోవడం వనజ చూడటం అదే మొదటిసారి.

ఉరికొస్తున్న వనజను చూసి ఆ అమ్మాయికి నవ్వాగలేదు. బల్ల మీది దస్తీ మడిచి ఆయన చేతికిచ్చింది.

విమానంలో కూర్చున్నాక వనజ అడిగింది.

"నేను రాకపోతే నువ్వన్న పోయేటోనివి గద మామా?"

"ఎట్ల పోత? సత్తమ్మక్కకు ఏం చెప్పాలె?"

"మరి నీ కొలువు?"

"గది తర్వాత చూద్దుం."

వచ్చేటప్పుడు కరీంనగర్‌లో బస్సులో ఆయన రెండు సీట్లు పట్టిన సంగతి వనజకు అప్పుడు గుర్తొచ్చింది. ఒకదాంట్లో తను కూర్చుంది, ఇంకోదాంట్లో ఎవరో ముసలమ్మ. మామ హైదరాబాద్ దాకా కడ్డీ పట్టుకొని నిలబడే వచ్చాడు. దస్తీ వేసిన సీట్లో ఆయన కూర్చోగా ఎప్పుడూ చూడలేదు. మామ మీద కోపం తెచ్చుకున్నందుకు ఆమెకు సిగ్గేసింది.

అంతలో కైలాసం సీట్లోంచి ఎగిరిపడ్డాడు. "అయ్యో! రెండు దస్తీలు కుర్చీల మీదనే మర్సినం బిడ్డా!"

విమానం అప్పటికే కదిలింది. వనజ తన సంచిలోంచి కొత్త దస్తీ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇదుంచుకో మామా. మస్కట్ల బస్సెక్కంగనే నీకు కూడ ఒక సీటు పట్టు."