విత్తనం ముట్టని చెయ్యి

మొన్న తుమకూరులో మా తమ్ముడి ఇంట్లో టీవీ చూస్తున్నాం. ఎక్కడో పరాయి దేశంలో, ఇంటి పరువు తీసిందని ఒక ఆడపిల్లను సొంతవాళ్లే చంపేశారట. మా తమ్ముడు కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఏం జనాలప్పా వీళ్లు! మనకాడ ఇట్లాంటివి యాడుండాయి?" అన్నాడు. నేను లేచి టీవీ కట్టేశాను. వార్త చూడలేక కాదు, వాడి మాట వినలేక.

మాది నాగలమడిక దగ్గర పల్లె. ఏటికి నీళ్లు రావడం మానేసి, ఇసుకలో మేకలు పడుకునే కరువు రోజులవి. మా చిన్నత్తను, అంటే నాన్న చెల్లెల్ని, పక్క ఊరికే ఇచ్చారు. ఒకసారి పంటి నొప్పికి పావగడ ఆసుపత్రికి పోయింది. తిరిగొచ్చే బస్సు చెడిపోయింది. శనక్కాయల మిల్లు నుంచి ఖాళీ గోనెసంచులతో వస్తున్న లారీ ఆగితే, ముందు సీట్లో కూర్చుని వచ్చి, వాళ్ల ఊళ్లో టీ అంగడి ముందు దిగింది. అంతే ఆమె చేసిన నేరం. దవడ వాచిపోయి నోరు తెరవలేని మనిషి డ్రైవరుతో సరసాలాడిందని, ఆమె ఇల్లు చేరేలోపే ఊరంతా తేల్చేసింది. మరునాడే అత్తింటివాళ్లు తెచ్చి మా గడప ముందు దించిపోయారు.

మా ఇంట్లో 'మర్యాద' అనే మాటకు వేరే అర్థం ఉండేది. బడి పుస్తకంలో మర్యాద అంటే పెద్దలకు నమస్కారం పెట్టడం. మా తాత నోట్లో మర్యాద అంటే ఊరు ఏమనుకుంటుందో అది. పెద్దమనుషులను కూర్చోబెట్టుకుని, తాంబూలాలు నమిలి, తాత తీర్పు చెప్పాడు. ఆడబిడ్డను కొట్టేది లేదు, తరిమేది లేదు. గొడ్ల కొట్టంలో ఉండొచ్చు, తిండి అక్కడికే వస్తుంది. ఇంట్లోకి రాకూడదు, విత్తనం అసలే ముట్టకూడదు. తప్పు నడిచిన ఆడది ఒలిచిన విత్తనం మొలవదని మా వైపు నమ్మకం. శనక్కాయకు చెవులు, ఊరి కబుర్లు వినే తీరిక ఉన్నట్టు! "ఎంత మర్యాదగా చూసుకున్నావప్పా" అని ఆ పెద్దమనుషులు తాతను మెచ్చుకుని పోయారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

విత్తనాలు ఒలిచే రోజులంటే మాకు పండగే. పంచలో కాయలు గుట్టగా పోసి, ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుని, ఊళ్లో ఎవరినీ వదలకుండా ఎగతాళి చేస్తూ ఒలిచేవాళ్లు. పిల్లలం పప్పులు బుక్కి బుక్కి కడుపులు చెడగొట్టుకునేవాళ్లం. చిన్నత్త బొటనవేలి కింద కాయ టప్పున విచ్చుకునేది. పప్పు పొట్టు కూడా చెదిరేది కాదు. ఇప్పుడు ఆమె పని, వాళ్లు ఒలిచి పారేసిన బొప్పెలు, అదే కాయల పై డొప్పలు, పొయ్యిలోకి ఎత్తుకుపోవడం. ఒకరోజు గంప పట్టుకుని నిలబడి అవ్వను అడిగింది. "అమ్మా, ఆ పొద్దు ఏం జరిగిందని మీరు ఒక్కరన్నా నన్ను అడిగినారా?"

అవ్వ తల ఎత్తలేదు. "అడిగితే నువ్వు చెప్తావు. చెప్తే నమ్మల్ల. నమ్మినాక ఊరికేం చెప్పేదే?"

ఆ ఏడు వాన అనుకోకుండా ముందే పడింది. పదును ఆరేలోపు విత్తాలి, ఒలిచిన విత్తనం చాలదు, కూలికి మనుషులు దొరకరు. అవ్వ ఒక మూట నెత్తిన పెట్టుకుని కొట్టంలోకి పోయి, చిన్నత్త ముందు దించి, "బిరీన ఒలువు. ఎవరికీ చెప్పొద్దు" అంది. చిన్నత్త వేళ్లు బొబ్బలెక్కేదాకా ఒలిచింది. అవ్వ వెనకాలే పోయిన నేను ఆమె ముఖంలో ఆశ చూశాను. చేను మొలిస్తే తన నింద పోతుంది, మళ్లీ ఇంట్లోకి పిలుస్తారు అనుకుంది, పిచ్చిది.

చేను ఒత్తుగా మొలిచింది. కాయ బాగా దిగింది. పంట ఇల్లు చేరిన రోజు బంధువులతో కూర్చుని సంగటి తింటూ తాత అన్నాడు. "ఆయమ్మిని విత్తనం ముట్టనీలేదు. అందుకే దేవుడు కరుణించినాడు." వాకిట్లో బొప్పెల గంపతో చిన్నత్త ఆగిపోయింది. అవ్వ వైపే చూసింది. అవ్వకు ఆ చూపు తగిలింది, నాకు తెలుసు. గరిటె తీసుకుని తాతను అడిగింది. "ఇంకొంచెం పులుసు ఎయ్యనా?"

ఆ తరవాత ప్రతి ఏడూ మూట కొట్టంలోకి పోయింది. పండితే తాత మర్యాద, ఎండితే చిన్నత్త పాపం. ఎండిన ఏళ్లే ఎక్కువ. ఆమె ఆ కొట్టంలోనే పోయింది, ఇంటి గడప మళ్లీ దాటలేదు.

కాలం అన్నీ మాన్పుతుందంటారు. మా ఇంట్లో కాలం మాన్పింది ఏమీ లేదు. తాతనూ అవ్వనూ పెద్దవాళ్లను చేసి, పటాలు కట్టించి దండలు వేయించింది. తమ్ముడికి చిన్నత్త గుర్తే లేదు. ఆమె ముఖం ఎలా ఉండేదో చెప్పడానికి ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను, నాకూ వయసు అయిపోతోంది.