చామంతికి కాపలా

మా సందు చివర టిఫిన్ బండి ఆయన చట్నీ పొట్లానికి వేసే ముడిని విప్పగలిగిన మనిషిని నేనింతవరకు చూడలేదు. ఇడ్లీలు చకచకా కడతాడు. సాంబారు కవరు మెలిపెట్టి మన చేతిలో పడేస్తాడు. చట్నీకి మాత్రం రబ్బరు బ్యాండు తిప్పి, ఆపి, ఆలోచించి, మళ్లీ తిప్పుతాడు. పళ్లతో లాగితే చట్నీ చొక్కా మీదికొస్తుంది, కత్తెర పెడితే గోడ మీదికి పోతుంది. నలుగురికీ అలాగే కడతాడని మా ఆవిడ అంటుంది కానీ, నా పొట్లం దగ్గర ఇంకాస్త శ్రద్ధ పెడతాడని నా అనుమానం.

కార్తీకమాసంలో ఒక ఆదివారం పొద్దున వరండా మెట్టు మీద కూర్చుని ఆ ముడితో పెనుగులాడుతుంటే, ఎదురుగా చామంతి మడి కనబడింది. ముందురోజు సాయంత్రం మడి నిండా పూలున్నాయి. ఇప్పుడు ఆకులున్నాయి.

"పూలు కోశావా?" అని లోపలికి కేకేశాను.

"ఇంకా మొహమే కడగలేదు" అంది మా ఆవిడ.

"అయితే ఎవరో కోశారు."

"దేవుడికై ఉంటుంది లెండి. దేవుడికి కోస్తే దొంగతనం కాదంటారుగా."

"అనేదెవరు? కోసేవాళ్లే."

ఆమె బయటికొచ్చి మడిని చూసింది. కింద కూర్చుని, మిగిలిన మొగ్గలను ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. ఆ చామంతి ఆమె పుట్టింటిది. పెనుబల్లి దగ్గరి వాళ్ల ఊరి నుంచి పిలకలు తవ్వి, తడిపిన గోనెగుడ్డలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. బస్సులో కండక్టరు చంటిపిల్లేమో అనుకుని సీటు ఇప్పించాడట. విషయం తెలిశాక కూడా లేపలేదు, మర్యాదస్థుడు. చిన్న పువ్వు, గట్టి పసుపు, కోసి పెట్టినా నాలుగు రోజులు వాడదు. ఒక్క ఏడాదితో పోయే మొక్క కాదు. పూలు అయిపోయాక జానెడు ఎత్తుకు కోసేస్తే మొదట్లోంచి మళ్లీ పిలకలు లేస్తాయి. ఎండాకాలం దాటించడమే కష్టం. కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే రోడ్డు మీద, అడవి మొదలైందో అయిపోయిందో తేలని చోట మా ఊరుంది. ఏప్రిల్ వచ్చిందంటే ఇక్కడ మనుషులనే నీడకు జరపాల్సి వస్తుంది. మా ఆవిడ ఆ మొక్కలను పాత చీర పందిరి కింద పెట్టి, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి తడిపి బతికించింది. నన్ను ఆమె అంత జాగ్రత్తగా చూసుకుంటుందని చెప్పలేను.

నేను విచారణ మొదలుపెట్టాను.

మొదటి అనుమానం కోతుల మీద. మా దగ్గర ఏది పోయినా ముందు వాటినే అంటాం. కానీ కోతి వస్తే మొక్క మిగలదు. పూలు మాత్రమే ఏరుకుని, కొమ్మ విరగకుండా కోసుకుపోయే ఓపిక కోతికి లేదు. రెండో అనుమానం పొద్దున్నే చేతిలో ప్లాస్టిక్ కవరుతో వాకింగ్‌కు వచ్చే పెద్దమనుషుల మీద. వాకింగ్‌కు కవరెందుకని ఎవరూ అడగరు. కానీ మా గేటు కిర్రుమంటుంది, ఆ రోజు అనలేదు. అంటే గేటు తియ్యకుండానే మడి దగ్గరికి రాగలిగిన మనిషి.

అలాంటి మనిషి ఒక్కతే ఉంది.

మా ఇంటికి రెండు పోర్షన్లు. ఒకదాంట్లో మేం, ఇంకోదాంట్లో మిషన్ కుట్టే ఒకావిడ. ఆమె భర్త లారీ డ్రైవరు, ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ ఉంటాడు. వరండా ఇద్దరిదీ, కుళాయి ఇద్దరిదీ. ఆమె కుట్టుమిషన్ వరండాలోనే ఉండేది. మధ్యాహ్నం ఆమె జాకెట్లు కుడుతుంటే మా ఆవిడ పక్కన కూర్చుని చింతపండు గింజలు తీసేది. ఆమె మా ఆవిడను చెల్లె అనేది, మా ఆవిడ ఆమెను అక్క అనేది. నేనూ అక్కా అనే పిలిచేవాణ్ని.

స్క్రూడ్రైవర్ అడిగే నెపంతో ఆమె తలుపు దగ్గరికి వెళ్లాను.

"దేనికి సారూ?"

"ఫ్యాను కొంచెం..."

ఆమె వెతుకుతుంటే నేను లోపలికి చూశాను. దేవుడి పటాలకు పసుపు చామంతులు.

"సంతల కొన్న సారూ" అంది, నా చూపు పట్టుకుని. "మంచిగున్నయి గదా?"

బాగున్నాయన్నాను. కానీ నేను అడగలేదు కదా. అడగని దానికి జవాబు ఎందుకొచ్చినట్టు? ఆ మాట మూడు రోజులు నమిలాను. చామంతులన్నీ ఒకేలా ఉండడం ఈ దేశంలో నేరపరిశోధనకు పెద్ద అడ్డంకి అని ఆ మూడు రోజుల్లో తెలిసింది.

మా ఆవిడకు చెబితే చేతిలో పని ఆపేసింది.

"ఆ అక్కా? ఆమెకు కావాలంటే అడుగుతుంది. అడగకపోయినా నేనే ఇస్తాను."

"నేనేమీ అనలేదే. ఆలోచిస్తున్నానంతే."

"ఆలోచించకండి. పొద్దున బస్సెక్కి పోతారు, దీపాలు పెట్టే వేళకు దిగుతారు. మధ్యలో నాతో మాట్లాడే మనిషి ఈ ఊళ్లో ఆమె ఒక్కతే. ఆమె కూడా పలకడం మానేస్తే ఈ గోడలతో మాట్లాడుకోవాలి నేను."

సరేనన్నాను. నిజంగానే ఆమెను ఒక్క మాట అనలేదు. మరుసటి ఏడు వర్షాలు పడగానే పిలకలు విడదీసి మళ్లీ నాటాం. పశువుల ఎరువు వేశాం, పల్లి చెక్క నానబెట్టి పోశాం, నెల దాటాక తలలు తుంచాం. తుంచితే పక్కకు కొమ్మలేసి గుబురుగా వస్తుంది. పేనుబంకకు వేపనూనె కొట్టాం. వినాయక చవితి వెళ్లాక నేను ఒక ఎల్‌ఈడీ లైటు తెచ్చాను. ఫంక్షన్ హాళ్ల ముందు పెట్టే రకం.

గోడకు బిగించిన కరెంటు పిల్లగాడు నిచ్చెన మీది నుంచి, "సార్, ఇంట్ల బంగారం గిట్ల ఉందా?" అన్నాడు.

"చామంతులున్నాయి" అన్నాను.

అతను దిగాక నాతో కొంచెం మెల్లగా మాట్లాడాడు.

లైటు బ్రహ్మాండంగా పనిచేసింది. పొద్దు గూకిన దగ్గర్నుంచి తెల్లారేదాకా మడిలో చీమ పాకినా కనబడేంత వెలుగు. మర్నాడు కుళాయి దగ్గర పక్క పోర్షన్ అక్క అడిగింది.

"గింత పెద్ద లైటు ఎందుకు సారూ?"

"పాముల కోసం. అడవి పక్కన ఉన్నాం కదా."

ఆమె బిందె నిండేదాకా ఆగింది.

"పాములు నా తలుపు దిక్కే వస్తయా సారూ? లైటు మొత్తం ఇటే కొడుతున్నది."

బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ వారంలోనే మిషన్ వరండాలోంచి లోపలికి జరిగింది. వెలుగు కళ్లల్లో పడుతోందని మా ఆవిడతో చెప్పిందట. పగలు లైటు ఉండదని మా ఆవిడకూ తెలుసు, ఆమెకూ తెలుసు. తర్వాత మధ్యాహ్నాలు మా ఆవిడ చింతపండు ముందేసుకుని ఒక్కతే కూర్చునేది. గోడ అవతల మిషన్ చప్పుడు వినబడుతుండేది. నేను సెలవు పెట్టి ఇంట్లో ఉన్న ఒక రోజు స్వయంగా విన్నాను. మిషన్ ఆగినప్పుడల్లా మా ఆవిడ తలెత్తి తలుపు వైపు చూస్తోంది. మళ్లీ మొదలవగానే చింతపండులోకి దిగుతోంది.

"మీ లైటు బాగుంది" అంది ఆ సాయంత్రం. తిట్టినా బాగుండేది.

ఇక చామంతులు. ఆకు ఏపుగా వచ్చింది. దారిన పోయేవాళ్లు ఆగి చూసేంత పచ్చగా వచ్చింది. దసరా పోయింది, దీపావళి పోయింది, కార్తీకం వచ్చింది. సంతలో చామంతులు కుప్పలు పోశారు. మా మడిలో ఒక్క మొగ్గ లేదు.

పూయని మొక్కకు కాపలా కాయడంలో ఒక నిశ్చింత ఉంది, దొంగలు రారు. కానీ నాకు నిద్ర పట్టలేదు. పల్లి చెక్క అమ్మినవాడు కల్తీ ఇచ్చాడని అనుమానించాను. మా అత్తగారు అప్పుడే రెండో ఏడు పూయని రకం ఇచ్చి పంపిందేమో అని కూడా అనుకున్నాను, పైకి అనలేదు. చివరికి ఎక్కడికి రావాలో అక్కడికే వచ్చాను.

"బట్టలుతికిన సబ్బునీళ్లు ఎటు పారబోస్తోందో చూశావా ఆమె?" అన్నాను.

మా ఆవిడ నావైపు చూసిన చూపుకు నేనే వెళ్లి చూశాను. నీళ్లు మురికి కాల్వలోకి పోతున్నాయి. మడి దరిదాపులకు కూడా రావడం లేదు.

తర్వాత కొన్ని రోజులకు మా ఆవిడ పిలిచింది. "ఒకసారి ఇలా రండి."

మడి అంచున నీళ్ల కోసం పెట్టిన నీలం డ్రమ్ము ఉంది. దాని వెనక రెండు మొక్కలు. రెండూ నిండా పూసి ఉన్నాయి.

"డ్రమ్ములో ఏం కలిపావు?" అన్నాను.

"డ్రమ్ములో నీళ్లున్నాయి. ఆ వెనక్కి మీ లైటు పడదు."

నేను చదివింది బోటనీ. చేసేది మండలాఫీసులో ఫైళ్లు కట్టడం, అది వేరే సంగతి. కొన్ని మొక్కలు పూత పట్టాలంటే రాత్రి పొడుగ్గా ఉండాలి, మధ్యలో చీకటి తెగకూడదు. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. డిగ్రీ పరీక్షలో నేనే రాశాను. ఉదాహరణ అడిగితే చామంతి అనే రాశాను. మార్కులు బాగానే వేశారు.

"ఇది పోయి అక్కకు చెప్పండి" అంది మా ఆవిడ.

"ఏమని?"

"జరిగింది జరిగినట్టు. నవ్వుతుంది. నవ్విందంటే మళ్లీ వస్తుంది."

"నువ్వే చెప్పొచ్చుగా?"

"లైటు నేను పెట్టానా?"

వెళ్లాను. మిషన్ ఆపి తలుపు దగ్గరికొచ్చింది. లైటు వల్ల మొక్కలకు రాత్రి లేకుండా పోయిందని, అందుకే పూయలేదని, తీసేస్తున్నానని చెప్పాను. ఆమె నవ్వలేదు.

"మరి పాములో సారూ?"

"అవి కూడా తగ్గాయి."

"మంచిది" అని తలుపు దగ్గరికి వేసింది.

లైటు విప్పేశాను. చలి ముదిరేసరికి మొగ్గలు కనబడ్డాయి, మాఘమాసంలో మడి మొత్తం ఒక్కసారి విచ్చుకుంది. సంతలో చామంతి అయిపోయిన రోజుల్లో మా వాకిట్లో అంత పసుపు. మా ఆవిడ తలుపు కొట్టి ఆమెను పిలిచింది. రెండుసార్లు పని ఉందంది. మూడోసారి మా ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

ఇద్దరూ మడికి చెరోపక్క కూర్చుని కోస్తున్నారు. నేను వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాను.

"ఇంత చిన్న పువ్వు మా అమ్మగారింటి దిక్కు లేదు చెల్లె" అందామె.

"ఎండాకాలం పోనియ్యి అక్కా, పిలకలు నీకూ ఇస్తాను. మీ ఊరు తీసుకుపోదువు గాని."

"ఆ లారీ మనిషిని నమ్ముకుంటే అవి దారిలనే ఎండుతయి. నేనే బస్సుల పోవాలె."

"ఒళ్లో పెట్టుకో. సీటిస్తారు."

చాలా నెలల తర్వాత మా ఆవిడ గట్టిగా నవ్వడం విన్నాను. ఆమె కూడా నవ్వింది. చీర కొంగు చాపుకుని రెండు చేతులా కోస్తోంది, బాగా వేగంగా కోస్తోంది. నేను పేజీ తిప్పలేదు. తిప్పాల్సినంత చదవలేదు కూడా.

ఆమె తలెత్తకుండానే అంది.

"సారూ, పూలు గిన్ని ఉన్నయి. మీరు మాత్రం నా చేతులనే చూస్తున్నరు."