జడలబర్రెల దొడ్డి గడియ

నా చిన్నప్పుడు మేము కొలరాడో కొండల్లో ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న అక్కడి హాస్పిటల్లో డాక్టరు. మా పక్కింటి ఆంటీది టిబెట్. ఆవిడ జడలబర్రెల్ని పెంచేది. ఊళ్ళో అందరూ వాటిని యాక్‌లనేవారు. ఆంటీ వాళ్ళమ్మని నేను అవ్వా అని పిలిచేదాన్ని. అవ్వకి ఇంగ్లీషు రాదు. పొద్దున్నే దొడ్డిలోకి వెళ్ళి, అరచేతిలో ఉప్పు పోసుకుని ఒక్కొక్కదానికీ నాకించేది. రోజంతటికీ ఆవిడ సంతోషం అదే.

పెద్దవాళ్ళు లేకుండా దొడ్డిలోకి వెళ్ళొద్దని నాకు గట్టిగా చెప్పారు. తొమ్మిదేళ్ళ దాన్ని, వినలేదు. ఒక రోజు దూడకి ఉప్పు పెట్టబోతే తల్లి గురుగురుమంటూ నా మీదికి రెండడుగులు వేసింది. భయపడి బయటికి పరుగెత్తాను. గడియ వేయలేదు.

మధ్యాహ్నానికి దూడ కనబడలేదు. నాన్నా ఆంటీ కలిసి వెతికితే వాగులో, రాళ్ళ మధ్య, కాలు విరిగి పడివుంది.

"గేట్ నువ్వు ఓపెన్ చేశావా అమ్మా?" అని నాన్న అడిగారు.

"నేను కాదు నాన్నా. అవ్వ క్లోజ్ చేయడం మర్చిపోయింది. నేను చూశాను."

అందరూ నమ్మారు. అవ్వకి అప్పటికే కొంచెం మతిమరుపు. ఆంటీ చెప్పగానే అవ్వ కూడా నమ్మింది. తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. మర్నాటినుంచి దొడ్డివైపు వెళ్ళడమే మానేసింది.

మూడో రోజు ఆంటీ నన్ను దొడ్డి దగ్గరికి తీసుకెళ్ళి, ఎండిన బురదలో గేటుదాకా పరుగెత్తిన నా బూటు గుర్తులు చూపించింది. తిట్టలేదు. "మీ నాన్నకి నేను చెప్పను. మా అమ్మకి మాత్రం నువ్వే చెప్పాలి," అంది.

ఏ భాషలో చెప్పను? అవ్వని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. గడియ తీసి, నా గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను. మళ్ళీ వేసి, మళ్ళీ తీసి చూపించాను. అర్థమయ్యాక ఆవిడ కంచె పట్టుకుంది. కోప్పడుతుందనుకున్నాను. ఏడ్చింది. కోపంతో కాదు, తన మతి ఇంకా పూర్తిగా పోలేదన్న ఊరటతో. అంతకన్నా రెండు దెబ్బలు కొట్టినా బాగుండేది.

నాన్నకి ఆ అబద్ధం సంగతి చివరిదాకా చెప్పలేకపోయాను.

ఇప్పుడు మా అమ్మకి ఎనభై దాటాయి, నా దగ్గరే ఉంటుంది. స్టవ్ ఆఫ్ చేయకపోయినా, గరాజ్ డోర్ తెరిచి ఉన్నా, "అమ్మమ్మే మర్చిపోయుంటుంది," అంటారు పిల్లలు. అమ్మ కాదనదు, తలూపబోతుంది. నేను సిగ్గుతో చచ్చిపోతాను. "ఉండండి, మర్చిపోయింది నేనేమో చూడనివ్వండి," అంటాను. చాలాసార్లు నేనే.